తోడుజంతువుల ఆకస్మిక కలహము

ఒక్క దొడ్డిలో పుట్టి, ఒక్క మందలో మేసి, ఒకదాని ప్రక్కన ఒకటి పరుండి పెరిగిన రెండు పొట్టేళ్లు ఒకనాటి యుదయమున హఠాత్తుగా వెనుకకు జరిగి, తలలు వంచి, పరుగెత్తి వచ్చి ఢీకొనును. ఆ చప్పుడు దూరమునకు వినబడును. నిన్నటివరకు నేస్తములుగ నున్నవి నేడు శత్రువులైనవేమని యింటివారు ఆశ్చర్యపడుదురు. "వీనికి మదమెక్కినది" అని యొకరు కఱ్ఱ యెత్తుదురు. "ఇక వీనిని జన్మలో కలుపరాదు" అని మఱియొకరు ఒకదానిని సంతకు తోలుదురు. పట్టణములందు బాలబాలికలు ముద్దుగా పెంచుకొను గినీపందుల విషయమునను ఇట్లే జరుగుచుండును. నెలల తరబడి ఒకే పెట్టెలో గడ్డి పంచుకొని తినిన జత ఒకనాడు పండ్లు పటపట కొఱుకుచు ఒండొంటిపై పడును.

స్నేహముగనున్న జంతువులేల కలహించును? కలహించినప్పుడు మనమేమి చేయవలెను, ఏమి చేయరాదు? తిరిగి వానిని కూర్చుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలకు పొట్టేలును, గినీపందిని ప్రక్కప్రక్కన నిలిపి సమాధానము చెప్పుట ఈ వ్యాసమున మా యుద్దేశము. ఒకటి మనకు పుట్టుకనుండి తెలిసిన జీవము. రెండవది దూరదేశమునుండి వచ్చినది. రెంటిని పోల్చి చూచినప్పుడే అసలు సూత్రము తేటపడును.

1. ఈ విషయము మనకేల?

మక్తల్ సీమ మెట్ట సీమ. దక్షిణమున కృష్ణ ప్రవహించుచున్నను, నీరందని చెలకలును, రాతి గుట్టలును, గడ్డిబీళ్లును ఇచ్చట పెక్కు. ఇట్టి నేలను నమ్ముకొని బ్రదుకు జీవము గొఱ్ఱె. గొల్లలు, కురుమలు తరతరములుగా మందలను మేపుచున్నారు. నల్లని దక్కను గొఱ్ఱె ఉన్నితో కురుమలు నేయు గొంగడి వానకును, చలికిని, ఎండకును కాపరికి ఇల్లువంటిది. 2019వ సంవత్సరపు పశుగణన ననుసరించి తెలంగాణములో 1 కోటి 90 లక్షలకు పైగా గొఱ్ఱెలుండెను. ఆ లెక్కలో భారతదేశమున ఈ రాష్ట్రమే ప్రథమస్థానము నందెను.

2017వ సంవత్సరమున ప్రభుత్వము ప్రారంభించిన గొఱ్ఱెల పంపిణీ పథకములో ఒక్కొక్క కుటుంబమునకు 20 ఆడు గొఱ్ఱెలును, 1 పొట్టేలును కలిపి 21 జీవములను ఒక యూనిట్టుగా ఇచ్చిరి. ఈ లెక్కను బాలురు శ్రద్ధగా గమనింపవలెను. ఇరువది గొఱ్ఱెలకు పొట్టేలు ఒక్కటియే. ఆ యొక్కటి పోరాటములో మెడ విఱిగి చచ్చినచో, వేఱొకటి దొరకువఱకు ఇరువది గొఱ్ఱెలును చూలు లేక నిలిచిపోవును. గొఱ్ఱె చూలు మోయు కాలము సుమారు 150 దినములు. కావున ఒక యుదయపు పోరు ఒక కుటుంబమునకు ఒక కాన్పు కాలపు ఆదాయమునే పోగొట్టవచ్చును. ఇది ఆటపాటల విషయము కాదు.

2. కలహమునకు గల కారణములు

జంతువు కారణము లేక కలహింపదు. కారణము మన కంటికి కనబడకపోవచ్చును, అంతే. ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది ఎడబాటు. గొఱ్ఱెలు మందమతులని లోకులందురు. ఇది సరికాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి సమీపమునగల బాబ్రహాం సంస్థలోని శాస్త్రజ్ఞులు 2001లో ప్రచురించిన పరిశోధనలో, గొఱ్ఱె 50 ఇతర గొఱ్ఱెల ముఖములను గుర్తుంచుకొని, రెండేండ్లకు పైగా మఱవకుండునని తేలెను. వాసన చేతను, ముఖము చేతను గొఱ్ఱె తన తోడివానిని గుర్తించును. మనము ఒక పొట్టేలును చికిత్సకై కొన్ని దినములు వేఱుగా కట్టుదుము, ఉన్ని కత్తిరింతుము, పిడుదుల మందుతో స్నానము చేయింతుము. అది తిరిగి వచ్చునప్పటికి రూపు మాఱినది, వాసన మాఱినది. పైగా, అది లేని కాలమున మందలో పెద్దఱికము వేఱొకదానికి సంక్రమించినది. ఎవరు ముందు, ఎవరు వెనుక యను ప్రశ్న తిరిగి పుట్టును. ఆ ప్రశ్నకు పొట్టేలు నుదుటితోనే సమాధానము చెప్పును.

రెండవది ఎద కాలము. తొలకరి వానలకు పచ్చిక మొలిచి మేత సమృద్ధియైనప్పుడు గొఱ్ఱెలు పెక్కు ఎదకు వచ్చును. అంతవఱకు శాంతముగనున్న పొట్టేళ్లు అప్పుడు శాంతమును విడుచును. ఎరువుకై ఒకే పొలమున రెండు మందలను నిలిపినప్పుడును, వేసవిలో మేతకై వలసపోవు త్రోవలో మందలు కలిసినప్పుడును క్రొత్త పొట్టేళ్లు ఎదురుపడును. పొరుగు రాష్ట్రములనుండి కొని తెచ్చిన జీవములను పాత మందలో విడిచినప్పుడును ఇదియే గతి.

మూడవది ఇఱుకు. తొట్టి యొక్కటియై, నీడ యొక్కచోటనే యున్నచో బలవంతుడు ఆక్రమించును, బలహీనుడు ఎదిరించును. గొఱ్ఱెలలోనే కాదు, సకల జీవములలోను ఇది కలదు.

నాలుగవది నొప్పి. దీనిని జనులు తఱచుగా మఱతురు. గిట్ట పుచ్చినది, పంటినొప్పి కలది, చెవిలో పురుగు పడినది యగు జంతువు తాకుడు నోర్వలేదు. తోడిది వాడుక చొప్పున ప్రక్కకు వచ్చి ఒఱసికొన్నను కొమ్ము విసరును. కావున ఆకస్మికముగ కోపిష్ఠియైన జంతువును ముందుగా రోగియేమో యని పరీక్షింపవలెను.

3. గినీపంది యను జీవము

గినీపంది పందియును కాదు, గినీ దేశపుదియును కాదు. అది ఎలుక, ఉడుతల వర్గమునకు చెందిన తోకలేని చిన్న జీవము. దాని జన్మభూమి దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమ. అచ్చటి జనులు దానిని వేల యేండ్ల క్రిందటనే మచ్చిక చేసిరి. పెరిగినది సుమారు ఒక కిలోగ్రాము తూగును. పిల్లలు వెండ్రుకలతోను, తెఱచిన కన్నులతోను పుట్టి, కొలది కాలములోనే పరుగిడును. 1907లో నార్వే దేశస్థులైన హోల్స్టు, ఫ్రోలిక్ అను పండితులు దీనికి ధాన్యము మాత్రమే పెట్టి చూడగా, మనుష్యులకు వచ్చు స్కర్వీ వ్యాధి దీనికిని వచ్చెను. మనవలెనే గినీపందియు విటమిన్ సి ని తన శరీరమున తయారుచేసికొనలేదని పిమ్మట తెలిసెను.

ఈ సంగతి మన విషయమునకు సంబంధించినదే. విటమిన్ సి కొఱవడిన గినీపందికి కీళ్లు వాచి నొప్పి పుట్టును, తాకినంతనే అఱచును, తోడిదానిని కఱచును. యజమానుడు దుష్టస్వభావమనుకొనునది యథార్థముగా ఆహారలోపము. జామపండు ముక్క, బెంగుళూరు మిరప, కొత్తిమీర మొదలగునవి దినదినము కొంచెము కొంచెముగ పెట్టి, గరికగడ్డియు ఎండుగడ్డియు ఎల్లప్పుడు అందుబాటున నుంచినచో ఈ కారణము తొలగును. పండ్లు మితిమీఱి పెరుగుట, చర్మములో గజ్జిపురుగు చేరుట, ఆడుదానికి అండాశయమున నీటితిత్తులు ఏర్పడుట కూడ కోపమునకు హేతువులే.

మగ గినీపందులు రెండింటిని కలిపి పెంచవచ్చును. అయితే మూడు నెలల వయస్సు మొదలుకొని యేడాది వఱకు గల యౌవనదశలో వాని నడుమ తగవులు సహజము. ఆ సమయమున ఆడుదాని వాసన తగిలినను తగవు ముదురును. ఈ జీవములకు ఎండ పడదు. మన సీమలో ఏప్రిల్, మే నెలలందు ఎండ 40 డిగ్రీలు దాటును; గినీపందికి 30 డిగ్రీలే ప్రమాదకరము. చల్లని గది లేని యిల్లు వీనిని పెంచబూనుట తగదు.

4. తగవునకును పోరునకును భేదము

ప్రతి తగవును పోరు కాదు. గినీపంది గుఱగుఱలాడుచు తుంటి నూపి నడచుట, తోడిదానిని తఱుముట, మీదికెక్కుట, ముట్టెను పైకెత్తుట, ఇవన్నియు పెద్దఱికము తేల్చుకొను మాటలు. రక్తము రానంతవఱకు మనము చేయి పెట్టరాదు. మాటిమాటికి విడదీసినచో తీర్పు కుదరక తగవు దీర్ఘమగును. పండ్లు ఆపకుండ పటపటలాడించుట, మెడవెండ్రుకలు నిక్కబొడుచుకొనుట, ఎదురెదురుగ నిలిచి ఎగిరి దుముకుట కనబడినచో అది పోరు సమీపించిన గుర్తు. రెండును ఉండగా చుట్టుకొని దొర్లినచో పోరు ప్రారంభమైనట్లే.

పొట్టేళ్లలోను ఇట్లే. ప్రక్కప్రక్కన నిలిచి భుజములతో త్రోసికొనుట, ముందరికాలితో గీరుట తగవు. వెనుకకు పదియడుగులు జరిగి తలవంచుట పోరు.

5. పోరు సాగుచుండగా చేయవలసినది

మొదటి నియమము: రెంటి నడుమకు పోరాదు. పొట్టేలు గురి తోడిపొట్టేలే యైనను, నడుమ నిలిచిన బాలుని మోకాలు విఱుగుట నిశ్చయము. కొమ్ములు పట్టుకొనబోరాదు. పొట్టేలునకు వీపు చూపి నిలువరాదు.

రెండవ నియమము: తలపై కొట్టరాదు. దెబ్బ తగిలిన పొట్టేలు దానిని ఎదిరి దెబ్బగానే యెంచి ఇంకను రేగును.

మూడవ నియమము: చూపు మూయవలెను. పొట్టేళ్లు వెనుకకు జరిగిన క్షణమున తడకనో, నులకమంచమునో నడుమ నిలువబెట్టవలెను. లేనిచో పెద్దవారు ప్రక్కనుండి ఒకదాని తలపై గొంగడి విసరవలెను. కన్నులు కనబడని పొట్టేలు పరుగెత్తజాలదు; నిలిచిపోవును. ఎదకు వచ్చిన గొఱ్ఱె కారణమైనచో ముందు ఆ గొఱ్ఱెను అచ్చటినుండి తప్పింపవలెను.

గినీపందులకును ఇదే యుపాయము. గొంగడికి బదులు మందపు తువ్వాలు. తువ్వాలును రెంటిపై కప్పి, లేదా అట్టముక్కను నడుమ దించి, తువ్వాలుతోనే ఒకదానిని పట్టి వేఱుచేయవలెను. వట్టిచేయి పెట్టిన బాలుని వ్రేలు ఎముకవఱకు తెగవచ్చును. కాటు తగిలినచో సబ్బునీటితో బాగుగ కడిగి వైద్యునికి చూపవలెను.

6. గాయముల పరీక్ష

పోరు ఆగిన పిదప పొట్టేలును నీడకు చేర్చి, కొమ్ము మొదళ్లు, కన్నులు, ముక్కు, మెడ, గిట్టలు, వృషణములు క్రమముగ చూడవలెను. ముక్కున రక్తము కాఱుట, తూలుట, తల వ్రేలవేయుట, గుండ్రముగ తిరుగుట, నెమరు మానుట కనబడినచో ఆలసింపక పశువైద్యుని పిలువవలెను. తెలంగాణములో 2017లో సంచార పశువైద్యశాలలు వెలసి, 1962 సంఖ్యకు ఫోను చేసినవారి గ్రామములకు పోయి చికిత్స చేయుట ప్రారంభించెను.

కొమ్ము మొదట చిన్న పగులును నిర్లక్ష్యము చేయరాదు. ఈగలు వ్రాలి గ్రుడ్లు పెట్టి రెండుమూడు దినములలో పురుగులు పడును. గాయమును లేత పొటాషియం పర్మాంగనేటు నీటితో కడిగి, చుట్టును వేపనూనె పూసినచో ఈగలు దరిచేరవు. ఇంకొక సంగతి. గాయము వలన జ్వరము వచ్చిన పొట్టేలు లేచి తిరిగినను వెంటనే చూలు కట్టింపలేకపోవచ్చును. దాని దేహమున బీజము తయారగుటకు సుమారు ఏడు వారములు పట్టును గనుక, రెండు నెలలవఱకు దానిపై ఆశ తగ్గించుకొనవలెను.

గినీపందికి గాయము పైకి చిన్నదిగ కనబడి లోపల చీము పట్టును. వెండ్రుకలు పాయలుగ తీసి వీపు, తుంటి, పెదవులు, చెవులు పరీక్షింపవలెను. ఇంటిలోని మనుష్యుల మందు దానికి ఎన్నడును పోయరాదు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ జాతి మందులు మనలను బ్రదికించును గాని, గినీపంది ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులను చంపి దానిని మరణింపజేయును.

7. తిరిగి కూర్చుట

ఇచ్చటనే ఈ పాఠమునకు ప్రాణము. పొట్టేళ్లను తిరిగి కలుపుటకు ఇఱుకు చోటు కావలెను. గినీపందులను తిరిగి కలుపుటకు విశాలమైన చోటు కావలెను. ఒకే రోగమునకు రెండు విరుద్ధమైన మందులేల?

ఆయుధమును బట్టి. పొట్టేలు ఆయుధము కొమ్ము కాదు, పరుగు. పదార్థవిజ్ఞాన తరగతిలో చదివిన సూత్రమును ఇచ్చట ప్రయోగింపుడు. 40 కిలోగ్రాముల పొట్టేలు సెకనుకు 2 మీటర్ల వేగముతో వచ్చినచో దాని చలనశక్తి 80 జౌలులు. 4 మీటర్ల వేగముతో వచ్చినచో 320 జౌలులు. వేగము రెట్టింపైన, శక్తి నాలుగు రెట్లు. కాబట్టి పరుగెత్తుటకు చోటు లేకుండ చేసినచో ఆయుధమును తీసికొన్నట్లే. నిలుచుటకును, పరుండుటకును చాలునంత చిన్న దొడ్డిలో వానిని ఒకటి రెండు దినములు ఉంచవలెను. విత్తుకొట్టిన శాంతమైన పొట్టేళ్లు రెండుమూడింటిని నడుమ చేర్చుట మేలు. పాత టైర్లు నేలపై పఱచినను పరుగు సాగదు. త్రోసికొనుచు, ఒఱసికొనుచు, ఒకే పేడ వాసన పట్టించుకొని, అవి ఒండొంటికి మరల పరిచితములగును. నీరును మేతయు రెండు చోట్ల నుండవలెను. నీడ తప్పనిసరి, ఎండలో ఇఱుకు దొడ్డి వడదెబ్బకు మూలము. గాయపడినదానిని, కొమ్ములు లేనిదానిని కొమ్ముల పొట్టేలుతో ఇట్లు మూయరాదు.

గినీపంది ఆయుధము పన్ను. పంటికి పరుగు అక్కఱలేదు. ఇఱుకున అది ఇంకను బాగుగ తగులును. ఓడినది పాఱిపోవుటకు దారి యున్నచో పోరు ఆగును, లేనిచో ఆగదు. కావున వానిని పాత పెట్టెలో గాక, రెంటికిని క్రొత్తయైన విశాల స్థలమున, నడుమ గడ్డి కుప్ప పోసి కలుపవలెను. దాగుటకు పెట్టిన ప్రతి గూటికి రెండు ద్వారములుండవలెను. ఒక్క ద్వారపు గూడు ఓడినదానికి ఉచ్చు. నీటిబుడ్లు రెండు, గడ్డి రెండు చోట్ల. నివాసము రెండు జీవములకు ఎనిమిది చదరపు అడుగులకు తక్కువ కారాదు. మగజతకు ఇంకను ఎక్కువ మేలు. లోతైన గాయము లగుచు పోరు మరల మరల వచ్చినచో బలవంతపెట్టక, నడుమ కమ్మీల అడ్డు పెట్టి ప్రక్కప్రక్కనే యుంచవలెను. ఒండొంటిని చూచుచు, వినుచు నుండును. ఒంటరితనపు బెంగ ఉండదు.

8. ముందుజాగ్రత్త

చికిత్సకై ఒకదానిని వేఱు చేయక తప్పనప్పుడు తోడిదాని కంటి యెదుట తడకకు ఆవలనే కట్టుట యుత్తమము. ఎడబాటు ఎంత తక్కువయో, తిరిగి కలియుట అంత సులభము. ఉన్ని కత్తిరింపు, మందు స్నానము పొట్టేళ్లన్నింటికి ఒకేనాడు జరిపి, ఆ రాత్రి ఇఱుకు దొడ్డిలో నుంచవలెను. క్రొత్తగా కొన్న జీవమును కొన్ని వారములు దూరముగ నుంచి, రోగము లేదని తెలిసిన పిదపనే మందలో కలుపవలెను.

బాలురకు ప్రత్యేకముగ ఒక హెచ్చరిక. పొట్టేలుపిల్ల నుదుటిని అరచేతితో నెట్టి ఆడుకొనుట పెక్కురకు అలవాటు. ఆ యాటయే దానికి పాఠము. ఏడాది తిరిగినంతనే అది ఇంటి ముసలివారిని కుమ్మును. తప్పు దానిది కాదు. అట్లే వినోదమునకై పొట్టేళ్లను రేపి పోరాడించుట జంతువులపట్ల క్రూరత్వమును నివారించు 1960వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరము. పండుగ పేర జరిగినను నేరము నేరమే.

తలిదండ్రులకు మా మనవి యొకటి. జత జంతువులు కలహించినప్పుడు అమ్మివేయుట, కొట్టుట సులభములు. కారణము వెదకుట కొంచెము శ్రమ. అయినను గత వారమున ఏమి మాఱినదని ఇంటిలో ఒక్కసారి అడిగి చూడుడు: దేనినైన వేఱు చేసితిమా? క్రొత్తదానిని తెచ్చితిమా? చోటు తగ్గించితిమా? మేత మార్చితిమా? ఏదైన కుంటుచున్నదా? ఈ యైదు ప్రశ్నలలో దేనికో ఒకదానికి ఔనని సమాధానము తఱచుగ దొరకును. మాటలు రాని జీవమునకు ఆ ప్రశ్నలడుగుట మన ధర్మము.

అభ్యాసమునకు ప్రశ్నలు

1. పొట్టేళ్లను ఇఱుకునను, గినీపందులను విశాలమునను కలుపుటకు కారణమేమి?

2. 50 కిలోగ్రాముల పొట్టేలు సెకనుకు 3 మీటర్ల వేగముతో వచ్చినచో దాని చలనశక్తి యెంత? దొడ్డి ఇఱుకై వేగము 1 మీటరునకు తగ్గినచో ఎంత?

3. మీ గ్రామమున రెండు కోళ్లు, రెండు ఎద్దులు, రెండు కుక్కలు పోరాడుట చూచి, వాని ఆయుధమేమో, పోరునకు ముందు ఏమి మాఱినదో వ్రాయుడు.

4. మీ యింట లేదా మీ వాడలో గొఱ్ఱెలు కాచిన వృద్ధులను అడిగి, పొట్టేళ్లను శాంతింపజేయుటకు వారు వాడిన ఉపాయములు తెలిసికొని, ఈ పాఠముతో పోల్చి చూడుడు.